గట్టు వాటా

మృగశిర, రెండో రోజు

ఇది కాగితం పుస్తకం. కోశంలోకి కాగితం తేకూడదు, తెచ్చాను. మరలో నేను నమోదు చేసే ప్రతి మాటా సాయంత్రానికల్లా ఏడు దేశాల్లోని భాగస్వాముల ముందు ప్రత్యక్షమవుతుంది. వాళ్ళ ముందు అనలేని మాటలు నాకు రోజూ నోటిదాకా వస్తున్నాయి. వాటికోసం ఈ పుస్తకం.

పొద్దుటి పనులు. నాలుగో గది తలుపు అంచున పేరుకున్న మంచు గీకాను. తలుపు కింది సందులోంచి వేడిగాలి దూరకుండా లోపలివైపు పెట్టిన గోనె మూట రోజూలాగే పక్కకు జరిగింది, రోజూలాగే కాలితో తన్ని సందులోకి నెట్టాను. విత్తనాల డబ్బాలు లెక్కపెట్టాను. పదకొండు వేల నాలుగు వందల ఆరు, సరిపోయింది. ఉన్ని కోటు విప్పి తగిలించాను. నాకంటే ముందు ముగ్గురు తొడుక్కున్న కోటు ఇది, ముగ్గురి చెమట వాసనా ఇంకా అందులోనే ఉంది. లోపల సున్నాకు దిగువ పద్దెనిమిది డిగ్రీలు, బయట గని నోటి దగ్గర నలభై తొమ్మిది. రోజుకు ఆరుసార్లు ఆ చలికీ ఈ ఎండకీ మధ్య తిరిగితే ముక్కులోంచి రక్తం రాక ఏమొస్తుంది?

సున్నపురాయి తవ్వి వదిలేసిన గనిలో కట్టారు మా విత్తన కోశాన్ని. గని నోటి దగ్గర ఇత్తడి పలక ఒకటి ఉంది. ‘ఉమ్మడి సంపద, సమాన వాటా’ అని దానిమీద చెక్కారు. దాన్ని తుడవడం కూడా నా పనే. తుడిచిన ప్రతిసారీ కంపరం పుడుతుంది.

ఇవాళ ఆ పలక కింద ఒక ముసలామె కూర్చుని ఉంది. పేరు ఓబుళమ్మ, ఊరు పిట్టలగుండం. ఊరి విత్తనం ఆమె చేతిమీదుగానే నడుస్తుందట. పన్నెండేళ్ళ కిందట ఆ ఊరివాళ్ళు నలభై శేర్ల కొర్ర విత్తనం మా దగ్గర దాచారు. వాళ్ళంతట వాళ్ళు దాచలేదు, మేమే వెంటపడి దాయించుకున్నాం. మీ దగ్గర పోయినా మా దగ్గర భద్రంగా ఉంటుంది, అడిగిన రోజు తిరిగి ఇస్తామని ఒప్పందం రాశాం.

“అడగను వచ్చినా తల్లీ,” అంది ఓబుళమ్మ. “పోయినేడు వానోళ్ళు రెండు వంతులూ ఒగే దినం కుమ్మరిస్తిరి. పాతర్లోకి నీళ్ళు దిగి ఇత్తనమంతా మొలకలొచ్చి కుళ్ళిపాయె. ఈ తూరి మా వంతు ఆరుద్రలో ఆరో దినం. ఆ లోపల మాది మాకియ్యల్ల.”

వాన ఇప్పుడు ఊళ్ళకు వంతులవారీగా కురిపిస్తారు. వంతు పడిన రెండు రోజుల్లో విత్తకపోతే, పైనుంచి చూసే కన్ను ఆ నేలను బీడు అని రాసుకుంటుంది. బీడుకు మరుసటి ఏడు వాన ఉండదు. విత్తనం లేనివాళ్ళు కోశాన్ని నడిపే ఏడు దేశాల భాగస్వాముల సమాఖ్య గింజ తీసుకోవచ్చు, కానీ ఇకమీదట సొంత విత్తనం దాచుకోబోమని ఊరంతా వేలిముద్ర వెయ్యాలి. ఓబుళమ్మ తన బొటనవేలు నాకు చూపించింది.

“దీన్ని కోసి దడికి కట్టేస్తా గానీ ఆ కాయితం మీద పెట్టను.”

ఇంకా పద్దెనిమిది రోజులు ఉన్నాయి.

మృగశిర, ఐదో రోజు

సంచాలకుడు హేమచంద్ర సార్ ఎప్పుడూ నవ్వుతూనే ఉంటాడు. కంప్రెసర్ పేలి ఆరో గది కరిగిపోయిన రోజున కూడా నవ్వాడు.

“తప్పకుండా ఇద్దాం మస్తానమ్మ గారూ. కాకపోతే భాగస్వాములందరి సమ్మతి కావాలి కదా.”

“దాచుకున్నవాళ్ళు తమది తాము తీసుకోవడానికి ఇంకొకరి సమ్మతి దేనికి సార్?”

“భాగస్వామ్య స్ఫూర్తి,” అన్నాడు.

పిట్టలగుండం కొర్ర నుంచి సమాఖ్య ‘బంగారు కొర్ర’ అనే గింజ తయారుచేసింది. మూడు ఖండాల్లో అదే విత్తుతున్నారు. అందులో ఈ ఊరికి ఏం వాటా ముట్టిందో చూద్దామని ఫైలు తీశాను. ఒక గోడ గడియారం. ఓబుళమ్మ బొమ్మ వేసిన పన్నెండు క్యాలెండర్లు, బొమ్మ కింద ఇంకెవరిదో పేరు. ఆ తరువాత ఒక ఏడు ‘విత్తనం ఎండబెట్టే విధానం’ మీద మూడు రోజుల శిక్షణ, చివర్లో యోగ్యతాపత్రం. శిక్షణ పొందినవారి వరసలో మొదటి పేరు ఓబుళమ్మది. అరవై ఏళ్ళుగా ఆమె చేస్తున్న పనే అది.

ఓబుళమ్మ ఊరికి పోలేదు. గని బయటి రేకుల షెడ్డులో మూడు రాళ్ళు పెట్టుకుని వండుకుంటోంది. ఆ శిక్షణ సంగతి అడిగాను.

“నేర్పిచ్చను వచ్చిన పాప మంచిదే,” అంది. “ఎండకు కండ్లు తిరిగి పడిపాయె. మజ్జిగ తాపి నీడలో పండబెట్టినా. ఆ మూడు దినాలూ ఇత్తనం నేనే ఎండబెడితి, ఆ పాప పండుకోనే రాసుకునె.”

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ పాప రాసుకున్నది ఇప్పుడు సమాఖ్య పాఠ్యపుస్తకం. ‘సమాఖ్య విధానం’ అని దాని పేరు.

మృగశిర, పదకొండో రోజు

సమ్మతి వచ్చింది. ఇంత త్వరగా ఎందుకు వచ్చిందా అనుకున్నాను. దాచిన విత్తనాన్ని కోశం తిరిగివ్వడం ఇదే మొదటిసారట, ఫోటోలకు బాగుంటుందట. హేమచంద్ర సార్ పూలదండలు తెప్పించాడు. నిజం పూలు కావు, కడిగి మళ్ళీ వాడేవి.

పిట్టలగుండం డబ్బాలు నేనే గదిలోంచి తెచ్చాను. ముందుగా నూరు గింజలు తడి కాగితం మీద పరిచి చూస్తే తొంభై ఏడు మొలిచాయి. పన్నెండేళ్ళ తరువాత అంత మొలక అంటే గర్వపడాల్సిందే, పడ్డాను కూడా. ఓబుళమ్మ మెడలో దండ వేసి, చేతిలో డబ్బా పెట్టారు. ఆమె మూత తీసి గింజలు అరచేతిలో పోసుకుంది. వేలితో కెలికింది. ఇంకో డబ్బా తీసి కెలికింది.

“ఇది మాది గాదు,” అంది.

సార్ నవ్వుతూనే ఉన్నాడు. “మీదేనమ్మా. ముద్ర చూడు, ఊరి పేరు చూడు.”

“ఊరి పేరు ఉంటే సాల్నా సామీ? అంతా పసుపే ఉండాది. గట్టు వాటా యాడ?”

అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం వీపు మీద చన్నీళ్ళు పోసినట్లయింది.

ఫోటోలు అయ్యాక షెడ్డులో కూర్చుని ఆమె చెప్పింది. వాళ్ళ ఊళ్ళో పొలం గట్ల మీద నల్లగింజ కొర్ర దానంతట అదే మొలుస్తుంది. చూడ్డానికి కలుపు మొక్క. తింటే చేదు. అయినా విత్తనం కలిపే రోజున శేరుకు పిడికెడు ఆ నల్లగింజ కలపనిదే ఊళ్ళో ఎవరూ గింజ మూట కట్టరు.

“గట్టుది చేన్లోకి వస్తాది, చేన్లోది గట్టుకు పోతాది. అట్ల పోతావస్తా ఉంటే దానికి సత్తువ. తెల్లబూజు వచ్చిన ఏడు సుట్టూ ఊర్లన్నీ మాడిపాయె గదా, మాది నిల్సింది. ఈ పసుపుది ఒగటే ఏస్తే బూజు పది దినాల్లో మేసిపోతాది. ఇదీ మీ బంగారు కొర్రా ఒగటే.”

బంగారు కొర్రకు ఏటా తెల్లబూజు పడుతుంది. ఏటా మందు కొట్టాలి. మందు కూడా సమాఖ్యే ఇస్తుంది.

“గట్ల మీద మళ్ళీ ఏరుకోవచ్చు కదా అవ్వా?” అన్నాను. సమాధానం తెలిసే అడిగాను.

“గట్లు యాడుండాయి తల్లీ? ఎవరో మా కొర్రలో కల్తీ ఉండాదని రాసిరంట. తొమ్మిదేండ్ల కింద సర్కారోళ్ళు వచ్చి మండలంలో గట్లన్నీ కాల్చిపోయిరి. ఆ పొద్దు నుంచి పాతర్లోదే దాసుకుంటా వస్తిమి. అదీ నీళ్ళలో పాయె.”

ఆ రాసినది నేనే.

విత్తనం దాచిన ఏడు నాకు ముప్పై ఏళ్ళు, అప్పుడే కొత్తగా చేరాను. పిట్టలగుండం మూటలు విప్పి, జల్లెడ పట్టి, నల్లగింజ ఒక్కొక్కటీ ఏరేశాను. పదిహేను రోజులు పట్టింది. ‘కల్తీ, నూటికి నాలుగు. మూలం: పొలం గట్లు. నిర్మూలించదగినది’ అని నివేదిక రాశాను. కలిపినవాళ్ళు ఎందుకు కలిపారో అడుగుదామని కూడా నాకు తోచలేదు. ఊరివాళ్ళకు శుభ్రం తెలియదని అనుకున్నాను. నాకు ఉత్తమ శుద్ధి బిళ్ళ ఇచ్చారు. అది ఇప్పటికీ ఈ కోటు జేబుకే ఉంది.

ఇన్నాళ్ళూ ఆ ఇత్తడి పలకను చూసి అసహ్యించుకుంటున్నాను. ఇవాళ నా చేతులు చూసుకుంటే అంతకంటే అసహ్యం వేసింది. ఓబుళమ్మకు ఏమీ చెప్పలేకపోయాను. ఆమె నాకు కొర్ర సంగటి పెట్టింది, తిన్నాను. ఛీ, తిన్నాను కూడా.

మృగశిర, పదమూడో రోజు

ఏరేసిన నల్లగింజలు ఏమయ్యాయి? మరలో చూస్తే ‘చెత్త, పారవేయబడినది’ అని ఉంది. కింద నా సంతకం.

నిన్నంతా అదే ఆలోచన. ఇవాళ పొద్దున మంచు గీకి, డబ్బాలు లెక్కపెట్టి, తలుపు కింద జరిగిన గోనె మూటను తన్నబోయాను. కాలు గాల్లోనే ఆగింది.

పన్నెండేళ్ళ కిందట చెత్త బండి వారానికి ఒకసారే వచ్చేది. తలుపు సందులోంచి వేడిగాలి వస్తోందని పైవాళ్ళు నన్ను తిడుతున్నారు. చేతిలో గోనె ఉంది, పక్కన పొట్టూ దుమ్మూ నల్లగింజా కలిసిన కుప్ప ఉంది. కుక్కి, దబ్బనంతో కుట్టి, తలుపు కింద పెట్టాను. పారేశానని నమోదు చేశాను. అంతే, మరిచిపోయాను. అప్పటినుంచి రోజూ దాన్ని తంతున్నాను.

కుట్టు విప్పాను. చేతిలోకి పొట్టు వచ్చింది. ఊదితే అరచేతిలో ఆవగింజలకంటే సన్నంగా నల్లటి గింజలు మిగిలాయి. ఏడుపొచ్చింది, ఆ చలికి కన్నీళ్ళు రెప్పల మీదే గడ్డకట్టాయి.

నూరు గింజలు తడి కాగితం మీద పరిచాను. మొలకలు తేలడానికి నాలుగు రోజులు పడుతుంది. ఓబుళమ్మకు ఇప్పుడే చెప్పను. మొలవకపోతే ఆమె ముఖం చూడలేను.

ఆరుద్ర, మూడో రోజు

ముప్పై ఒకటి మొలిచాయి. తలుపు సందులో వేడికీ చలికీ పన్నెండేళ్ళు నలిగి కూడా నూటికి ముప్పై ఒకటి. మొలక మొదట్లో ఊదారంగు గీత ఉంది. పసుపు కొర్రకు అది ఉండదు.

నా సంతోషం మధ్యాహ్నం దాకా కూడా నిలవలేదు. మొలకల గదిలో కన్ను ఉంటుందన్న సంగతి నా బుర్రకు తట్టలేదు. ఊదా గీత సమాఖ్య కంటపడింది. హేమచంద్ర సార్ నన్ను పిలిపించి కుర్చీ చూపించాడు. పన్నెండేళ్ళలో ఆయన నాకు కుర్చీ చూపించడం ఇదే మొదలు.

“అదృష్టం మస్తానమ్మ గారూ! తెల్లబూజుకు తట్టుకునే గింజ కోసం వాళ్ళు భూమంతా వెతుకుతున్నారు. అది మన గుమ్మంలోనే ఉంది. ఒక్క వాక్యం రాయండి చాలు, పాత నివేదిక పొరపాటు, అది కల్తీ కాదు, విత్తనమే అని. రాయగానే అది కోశం సంపద అవుతుంది. భాగస్వాములకు పంపుదాం.”

“ఊరికి సార్?”

“ఊరికి కూడా. నమోదు, పరీక్షలు, సమ్మతులు అన్నీ అయ్యాక. పద్దెనిమిది నెలలు అనుకోండి. ఈలోగా ఆ ఊళ్ళో ఇంకో శిక్షణ పెట్టిద్దాం.” ఆయన ముందుకు వంగాడు. “గింజకు మీ పేరే పెడతారట. మస్తానీ కొర్ర.”

ఒళ్ళంతా జెర్రులు పాకినట్లయింది. నా పేరట! ఏరి పారేసి, కాల్పించి, రోజూ కాలితో తన్నిన మనిషి పేరు.

ఆయన అడిగిన ఆ వాక్యం రాయాలని ఆరు రోజులుగా నేను తపిస్తున్నాను. తప్పు నాదని, అది కల్తీ కాదని పదిమందిలో ఒప్పుకుంటే నా గుండె బరువు కొంత దిగుతుంది. కానీ ఆ నిజం రాస్తే గింజ వాళ్ళదవుతుంది. రాయకపోతే అది చెత్త. నివేదిక మీద సంతకం నాది, దాన్ని వెనక్కి తీసుకునే అధికారం నా ఒక్కదానికే ఉంది.

రేపటిదాకా గడువు అడిగాను. ఒప్పందం తీసి మొదటినుంచి చదివాను. చెత్తను ఒక రోజుకు మించి కోశంలో ఉంచరాదు, ఎవరు పట్టుకుపోయినా అభ్యంతరం లేదు. పొలంలో మొలిచినది రైతుది. ఈ రెండు ముక్కలూ నాలుగు పేజీల తేడాతో ఉన్నాయి.

ఆరుద్ర, నాలుగో రోజు

తెర మీద ఏడు దేశాల ముఖాలు. పక్కన నవ్వుతూ సార్. సాక్షిగా ఓబుళమ్మను కూడా లోపలికి పిలిచారు, ఎవరి విత్తనమో వాళ్ళు ఉంటే చూడ్డానికి బాగుంటుందని.

నేను కోటు జేబు మీది బిళ్ళ తీసి ఎదురుగా గుండెల మీద తగిలించుకున్నాను.

“నా నివేదిక సరైనదే,” అన్నాను. “ఆ మూటలో ఉన్నది కల్తీ. కలుపు. చెత్త.”

సార్ ముఖంలో నవ్వు లేకుండా చూడటం నాకు ఇదే మొదటిసారి. “మొలిచింది కదా మస్తానమ్మా!” అన్నాడు. ‘గారూ’ పోయింది.

“చెత్త కూడా మొలుస్తుంది సార్. మీ బంగారు కొర్ర శుద్ధమైనదని లోకానికి చెప్పిన పత్రం నా నివేదికే. అది తప్పని మీరు రాస్తారా?”

ఆయన రాయలేదు. తెర మీద ఎవరూ రాయలేదు. నేను కొత్త పత్రం మీద ‘చెత్త’ అని రాసి సంతకం చేశాను. ఓబుళమ్మ నన్నే చూస్తోంది. ఆ ఊరి గట్లు కాల్పించింది ఎవరో ఆమెకు ఆ గదిలోనే తెలిసింది.

“నువ్వా తల్లీ?” అంది, అంతే. ఆ రెండు మాటలు నన్ను చెంపదెబ్బకంటే గట్టిగా తాకాయి.

మొలకల కాగితంతో సహా మూటను చెత్త గేటు దగ్గరికి నేనే మోశాను. ఆమె నా వెనకాలే వచ్చింది. మూట ఆమె ముందు దించి మూతి విప్పాను. ఆమె చెయ్యి లోపల పెట్టింది. వేళ్ళు పొట్టులో ఆడాయి, ఆగాయి. పిడికిలి బయటికి తీసి తెరిచి చాలాసేపు చూసింది. గేటు మీద కూడా కన్ను ఉంటుందని ఆమెకు తెలుసు.

“మీ పసుపు డబ్బాలు కూడా నా బండిలో పెట్టించు,” అంది పైకి. ఆ తరువాత రెండో చేత్తో నా చెయ్యి పట్టుకుని, పిడికిలిలోని గింజలు నా అరచేతిలో పొయ్యబోయింది.

“ఎంత సెడ్డ మనిషివైనా నీ వాటా నీకియ్యల్ల గదా. దాసినోళ్ళది గూడా వాటానే.”

ఒక్క గింజ నా దగ్గర మిగిలినా అది కోశం సంపద అవుతుంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

“వద్దవ్వా. అది చెత్త. పట్టుకుపో.”

ఆమె నా ముఖంలోకి చూసి గింజలు మళ్ళీ మూటలో పోసుకుంది. బండి కదిలింది.

ఆరుద్ర, ఆరో రోజు

గని పైకెక్కి చూశాను. ఆకాశమంతా తెల్లగా మండుతోంది, తూర్పున ఒకేచోట చాప పరిచినంత మబ్బు ఉంది. దాని కింద పిట్టలగుండం. వాన రెండు గంటలు పడింది. ఇక్కడికి ఒక్క చుక్క రాలేదు, తడిమట్టి వాసన మాత్రం వచ్చింది.

నన్ను నాలుగో గది నుంచి తీసేశారు. ఇప్పుడు ఇత్తడి పలక ఒక్కటే నా పని.

పునర్వసు, ఏడో రోజు

సెలవు పెట్టి పిట్టలగుండం వెళ్ళాను. ఊళ్ళో నాకు ఎవరూ మంచం వాల్చలేదు, వాల్చకూడదు కూడా. చేను జానెడు లేచింది. వంగి చూశాను. పది పచ్చటి మొక్కల మధ్య ఒకటి, ఇంకో పాతిక దాటాక ఒకటి, మొదట్లో ఊదా గీతతో ఉన్నాయి. చేను చుట్టూ కొత్తగా గట్టు వేశారు. గట్టు నిండా అవే.

ఓబుళమ్మ గట్టు మీద కూర్చుని ఉంది. ఇక నిజం రాసేస్తానని, అందరూ చదువుతారని చెప్పాను. వాళ్ళు మళ్ళీ నీ దగ్గరికే వస్తారని కూడా చెప్పాను.

“రానీ. అడిగితే ఇస్తాను, ఇయ్యనని ఎప్పుడంటి?” అంది. “ఒగటే మాట. ఆ నవ్వే సామినీ, తెర మీద కూసున్నోళ్ళనీ మూడు దినాలు ఈడికి రమ్మను. ఎండలో నిలబడి ఎండబెట్టేది నేర్సుకోవల్ల. నేర్సుకుంటే నేను గూడా ఒగ కాయితం ఇస్తా.”

తిరిగి వచ్చేటప్పుడు ఆమె నాకేమీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

భాగస్వాములారా, ఈ కాగితం పుస్తకాన్ని మొదటినుంచీ మరలోకి ఎక్కిస్తున్నాను. మీరు చదివే వేళకు ఆ గింజ పొలంలో మొలిచి ఉంటుంది, అంటే అది రైతుది. ఒప్పందం మీరు రాసినదే.

నాలుగో గది పాత నమోదులో ‘కల్తీ, నూటికి నాలుగు’ అని ఉన్నచోట ఇలా దిద్దుతున్నాను: ‘గట్టు వాటా, నూటికి నాలుగు. ఏరి పారేసినది, గట్లు కాల్పించినది నేను.’

సంతకం: మస్తానమ్మ.